పనికిరాని మాటల రేటు

1909లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక టెలిఫోన్ కంపెనీ మేనేజరు, చందాదారులు మాట్లాడుకునే మాటలు కొన్ని విని లెక్క కట్టాడు. నూటికి 20 కాల్స్ దుకాణాలకీ, ఇతర వ్యాపారాలకీ ఇచ్చే ఆర్డర్లు. మరో 20 ఇళ్ళ నుంచి తమ సొంత వ్యాపార స్థలాలకి చేసినవి. 15 విందులకీ వేడుకలకీ పిలుపులు. ఇక 30 మాత్రం ఉత్త ఊసుపోని కబుర్లు అని రాసుకున్నాడు. సగటున ఒక్కో సంభాషణ ఏడు నిమిషాలు దాటుతోందనీ, ఈ అనవసరపు వాడకాన్ని తగ్గించాలంటే మాటకి కాలపరిమితి పెట్టాలనీ అతను తేల్చాడు. క్లాడ్ ఫిషర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికా టెలిఫోన్ చరిత్ర రాస్తూ ఈ సంగతి బయటికి తీశాడు.

నాకు ఈ లెక్కలో 30 అన్న అంకె కన్నా, దానికి పెట్టిన పేరు మీదే చూపు ఆగిపోయింది. ఊసుపోని కబుర్లు! పురిటికెళ్ళిన కూతురు ఎలా ఉందో కనుక్కోవడం, జ్వరం పిల్లాడికి ఏ కషాయం ఇవ్వాలో అడగడం, పక్క వీధిలో ఒంటరిగా ఉన్న ముసలావిడని పలకరించడం... ఇవన్నీ ఆ 30లోనే కదా పడి ఉంటాయి. దుకాణానికి ఫోన్ చేసి బస్తా పిండి పంపమంటే అది పని. ఆ పిండితో రొట్టె ఎలా చెయ్యాలో అక్కని అడిగితే అది కబుర్లు. అప్పటి కంపెనీ అధికారులు ఫోను మీద ఆడవాళ్ళు కాలక్షేపం చేస్తున్నారని విసుక్కునేవారట. విచిత్రమేమిటంటే, 1920ల చివరికి వచ్చేసరికి అవే కంపెనీలు అయినవాళ్ళతో తీరిగ్గా మాట్లాడుకోండని ప్రకటనలు గుప్పించాయి. మాట మారలేదు, మాట్లాడే మనిషి మారలేదు. అందులో డబ్బు ఉందని వాళ్ళకి తెలిసింది, అంతే.

రేట్ల పట్టికలు చూడ్డానికి నిర్జీవమైన కాగితాల్లా ఉంటాయి. కానీ ప్రతి పట్టిక వెనకా ఒక మనిషి బొమ్మ ఉంటుంది. ఆ మనిషి ఎప్పుడు ఖాళీగా ఉంటాడో, ఎంత డబ్బు ఒక్కసారిగా కట్టగలడో, ఎవరినీ అడగకుండా ఏ పని చెయ్యగలడో రేటు రాసినవాళ్ళు ముందే ఊహించుకుంటారు. ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చి ఎన్నో ఏళ్ళయింది. దాని ధర న్యాయంగా ఉండాలంటే ఎలా ఉండాలి అన్న చర్చ మనదేశంలో చాలానే జరిగింది. ఆ చర్చంతా మెగాబైట్ల చుట్టూ, కంపెనీల చుట్టూ తిరిగింది. ఆ ఊహలోని మనిషి ఎవరు అన్న ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ వెయ్యలేదు. ఈ వ్యాసంలో నేను వెతికేది ఆ మనిషినే.

ముందు టెలిఫోన్ రోజులు చూద్దాం. ఇంటర్నెట్ రేట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఫోను రేట్ల గర్భం నుంచే పుట్టాయి. నా చిన్నతనంలో ఫోను ఉన్న ఇళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చేది. వచ్చాక ముందుగదిలో, నలుగురూ కూచునే చోట పెట్టేవారు. డయల్ రంధ్రంలో బుల్లి తాళం కప్ప! తాళంచెవి ఇంటి పెద్ద జేబులో. ఆ తాళాన్ని ఇప్పటి పిల్లలకి చూపిస్తే నవ్వుతారు గానీ, అదే మన ఇళ్ళల్లో మొట్టమొదటి పాస్‌వర్డ్. లోకల్ కాల్‌కి మొదట్లో ఎంతసేపు మాట్లాడినా ఒకటే లెక్కగా ఉండేది. తర్వాత తర్వాత నిమిషాల లెక్క వచ్చింది. 1990ల చివరికి మూడు నిమిషాలకో కాల్ చొప్పున మీటరు తిరగసాగింది. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరు ఎంతసేపు మాట్లాడారన్నది బిల్లు వచ్చిన రోజు పంచాయితీగా మారింది. ఆఫీసు కాల్స్ గురించి ఎవరూ అడగరు. 'మీ అమ్మతో రోజూ అరగంట ఏం మాట్లాడతావ్?' అన్నది మాత్రం మా వీధిలో ఏ ఇంట్లోంచైనా వినబడే మాటే.

దూరాభారపు కాల్స్‌కి పగలంతా పూర్తి రేటు. రాత్రయ్యేకొద్దీ సగం, ఆ పైన పావు. రాత్రి 11 దాటితే పావు రేటు కాబట్టి ఎస్టీడీ బూత్‌ల ముందు ఆ వేళకి బారులు తీరేవారు. అందరికీ సమానమైన రాయితీ! కాగితం మీద ఎక్కడా 'ఆడవాళ్ళకి వర్తించదు' అని రాయలేదు. రాయక్కర్లేదు. రాత్రి పదకొండింటికి వీధి చివర బూత్ దాకా ఒంటరిగా నడిచి వెళ్ళగలిగే ఆడది ఎంతమంది ఉంటారు? నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో మా గేటు ఎనిమిదింటికే మూసేవారు. అబ్బాయిల హాస్టల్ వాళ్ళు పావు రేటుకి ఇంటికి మాట్లాడితే, మేం సాయంత్రం ఆరింటికి ఎక్కువ రేటుకి మాట్లాడేవాళ్ళం. ఒకే ఊరు, ఒకే బూత్, ఒకే దూరం. ఆడపిల్లలకి మాత్రం మాట ప్రియం. మేం కట్టిన ఆ తేడాని ఏ శాఖా వసూలు చేసినట్టు చూపించదు. అది పితృస్వామ్యం వేసిన పన్ను. రసీదు కూడా ఇవ్వరు.

1999లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మొదటి టారిఫ్ ఉత్తర్వు ఇచ్చింది. అప్పటిదాకా దూరపు కాల్స్ మీద వచ్చే లాభంతో అద్దెనీ, లోకల్ కాల్స్‌నీ తక్కువలో ఉంచేవారు. దాన్ని 'సరిచెయ్యడం' పేరుతో ఎస్టీడీ రేట్లు బాగా తగ్గించి, అద్దె పెంచారు. ఖర్చెంతో ధర అంత ఉండాలన్న సూత్రం అది. వినడానికి న్యాయంగానే ఉంది. దూరంగా ఉన్న పిల్లలతో మాట్లాడుకోవడం తేలికైంది, కాదనను. కానీ దూరపు కాల్స్ అన్నిటికన్నా ఎక్కువగా చేసేది వ్యాపారాలు. నెలకి నాలుగు లోకల్ కాల్స్ చేసుకుని, మిగతా రోజులు ఫోను మోగితే చాలని ఎదురుచూసే ఇంటికి పెరిగింది అద్దె. పల్లెలకి కాస్త తక్కువ అద్దె ఉంచారు గనక సరిపోయింది. న్యాయం అంటే ఖర్చుకి తగ్గ ధరా, లేక అవసరానికి తగ్గ ధరా అన్న తగాదా అక్కడ మొదలైంది. ఇప్పటికీ తేలలేదు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మనదేశంలో సామాన్య ప్రజలకి ఇంటర్నెట్ తలుపు తెరిచింది. సెకనుకి 9.6 కిలోబిట్ల వేగంతో 250 గంటలకి వ్యక్తిగత చందా 5,000 రూపాయలు. అప్పటి లెక్కలో చిన్న ఉద్యోగి రెండు మూడు నెలల జీతం. అది ఇంటర్నెట్ గంటల ధర మాత్రమే. ఫోను లైను మీద నడుస్తుంది కాబట్టి ఫోను మీటరు విడిగా తిరుగుతుంది. అంటే ఒకే పనికి రెండు మీటర్లు. పైగా నెట్ వాడుతున్నంతసేపూ ఫోను 'ఎంగేజ్'. ఇంట్లో ఒకరు నెట్ మీద ఉంటే ఇంకొకరు బయట ప్రపంచానికి లేనట్టే. ఎవరి పని ఆగాలన్నది ఎవరు నిర్ణయించేవారో చెప్పాలా?

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకి అనుమతి ఇచ్చాక గంటల ధర పడిపోయింది. అయినా ఇంటికి కంప్యూటరు, ఫోను, చందా మూడూ ఉండాలంటే మధ్యతరగతికి కూడా భారమే. అందుకే మనలో చాలామందికి ఇంటర్నెట్ మొదట ఇంట్లో పరిచయం కాలేదు, నెట్ సెంటర్‌లో పరిచయం అయింది. అరగంటకింత అని రేటు. ప్లైవుడ్ చెక్కలతో కట్టిన ఇరుకు గదులు, కర్టెన్లు. ఆ గదుల్లో కూచోడానికి అబ్బాయిలకి ప్రైవసీ, అమ్మాయిలకి భయం. నా దగ్గర చదువుకున్న అమ్మాయిలు యూనివర్సిటీ ప్రవేశ ఫలితాలు చూసుకోడానికి కూడా తమ్ముడినో, నాన్ననో తోడు తీసుకుపోయేవారు. అరగంట అద్దె పది రూపాయలైతే, తోడు వచ్చినవాడి తీరిక ఖర్చు వేరే. అతనికి తీరిక లేకపోతే ఫలితం రేపు.

2004 అక్టోబరులో కేంద్రం బ్రాడ్‌బాండ్ విధానం ప్రకటించింది. సెకనుకి 256 కిలోబిట్లు ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బాండ్ అనొచ్చని నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ 'డేటావన్' పేరుతో ఇళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టింది. ఫోనూ నెట్టూ ఒకేసారి పనిచెయ్యడం అప్పుడొక అద్భుతం! నిమిషాల మీటరు పోయింది. దాని స్థానంలో మెగాబైట్ల మీటరు వచ్చింది. నెలకి ఇంత డేటా అని హద్దు, దాటితే మెగాబైటుకింత. గంట అంటే ఎంతో గోడ మీద గడియారం చెప్తుంది. మెగాబైటు అంటే ఎంతో ఎవరు చెప్తారు? ఒక పాట ఎంత, ఒక ఫోటో ఎంత, తెరిచి వదిలేసిన పేజీ ఎంత తింటుందో మనిషి కంటికి కనపడదు. కంటికి కనపడని మీటరున్న ఇంట్లో, అది తక్కువ తెలిసినవాళ్ళు దాని దగ్గరికి పోకుండా ఉంటారు. 'నువ్వు ముట్టుకోకు, బిల్లెక్కుతుంది' అన్న మాట ఎంతమంది ఆడవాళ్ళని ఆ కుర్చీలోంచి లేపిందో!

నా స్నేహితురాలి అనుభవం చెప్తాను. ఆవిడ కథలు రాస్తుంది. ఒక ప్రైవేటు కంపెనీ కనెక్షన్ తీసుకుని, తెలుగు అక్షరాలు కంప్యూటర్లో కూడబలుక్కుంటూ నేర్చుకుంటోంది. మూడో నెల బిల్లు మామూలు కన్నా ఆరేడు రెట్లు వచ్చింది. వాడింది ఇంటర్ చదివే కొడుకు, సినిమాలు దింపుకున్నాడు. కానీ ఆ బిల్లు తర్వాత ఇంట్లో ఆగిపోయింది మాత్రం ఆవిడ రాత. 'కథలకి నెట్ ఎందుకు, కాగితం మీద రాసుకోవచ్చుగా' అన్నారు. కొడుక్కి చదువు ఉంది కాబట్టి కనెక్షన్ ఉంది. హద్దు దాటిన తప్పు ఎవరిదైనా హద్దులో ఉండాల్సింది ఎవరో మనకి తెలిసిందే.

ఆ రోజుల్లో మరో సదుపాయం వచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్ అయిదొందల ప్లానులో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా డేటాకి లెక్క లేదు. ఆ వేళ లైన్లు ఖాళీగా ఉంటాయి గనక, వాడుకున్నా సంస్థకి అదనపు ఖర్చు దాదాపు ఉండదు. అర్థశాస్త్రం ప్రకారం చాలా తెలివైన రేటు. మన కుర్రాళ్ళు అలారం పెట్టుకుని లేచి, డౌన్‌లోడ్ పెట్టి, మళ్ళీ పడుకునేవారు. అలా పెరిగిన తరం ఒకటి ఉంది. వాళ్ళల్లో చాలామంది సొంతంగా ప్రోగ్రాములు రాయడం ఆ రాత్రుల్లోనే నేర్చుకున్నారు. అమ్మాయిలకి? అర్ధరాత్రి రెండింటికి హాల్లో దీపం వేసుకుని కంప్యూటరు ముందు కూచున్న ఆడపిల్లని 'ఎవరితో మాట్లాడుతున్నావ్?' అని అడగని ఇల్లు ఎక్కడుంది? ఇక ఇంటావిడ సంగతి. నాలుగున్నరకి మున్సిపల్ నీళ్ళు, అయిదింటికి పాలు, ఆరింటికి పొయ్యి, ఏడింటికి డబ్బాలు. ఉచితమైన ఆరు గంటల్లో సగం ఆమె నిద్ర, సగం ఆమె చాకిరీ. పగలు పన్నెండు నుంచి మూడు దాకా, అందరూ బయటికెళ్ళాక, ఆమెకి దొరికే కాస్త గాలి వేళ పూర్తి రేటు. ఎస్టీడీ పావు రేటు మళ్ళీ ఇంకో వేషంలో వచ్చిందన్నమాట.

లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ తీసుకోవడం అన్యాయమని నేను అనడం లేదు. ఇంటర్నెట్ ఖర్చు ఎలా పుడుతుందో ఒకసారి చూడాలి. గొయ్యి తవ్వడం, స్తంభాల మీద తీగ లాగడం, ఇంట్లో పెట్టె బిగించడం, చెడితే వచ్చి బాగుచేసే మనిషి జీతం... అసలు ఖర్చంతా ఇదే. ఇవన్నీ మనం వాడినా వాడకపోయినా అయ్యేవే. తీగ పడ్డాక ఇంకొక మెగాబైటు పంపడానికి అయ్యేది చాలా కొద్ది. కొరత వచ్చేది ఊళ్ళోవాళ్ళంతా ఒకేసారి మీదపడే వేళ, అంటే సాయంత్రం నుంచి రాత్రి పది పదకొండు దాకా. అప్పుడు దారి ఇరుకవుతుంది. ఆ సంగతి నిజమైతే, నెల మొత్తానికీ ఒక హద్దు పెట్టడం ఆ ఇరుకుని తగ్గించదు. మధ్యాహ్నం ఖాళీ దారి మీద నడిచినామె దగ్గరా, రాత్రి తొమ్మిదింటికి క్రికెట్ చూసినతని దగ్గరా ఒకే లెక్కన వసూలు చేస్తుంది. రాత్రి రెండింటికి ఉచితం ఇవ్వగలిగిన సంస్థ, మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా కొంత తగ్గించగలదా అని అడగాలంటే, ఆ వేళ ఇంట్లో ఒక మనిషి ఉంటుందనీ, ఆమెకి చదువుకోవాలనీ, రాసుకోవాలనీ ఉంటుందనీ ముందు గుర్తుకి రావాలి.

తర్వాత 'అన్‌లిమిటెడ్' కాలం వచ్చింది. పేరుకి హద్దు లేదు. కొంత వాడాక వేగం నత్తనడక. దానికి 'న్యాయ వినియోగ విధానం' అని పేరు పెట్టారు. పేరులోనే న్యాయం ఉంది చూడండి! 2016 అక్టోబరులో ట్రాయ్, ఈ విధానం వివరాలు చందాదారుకి స్పష్టంగా చెప్పాలనీ, హద్దు దాటాక కూడా వేగం 512 కిలోబిట్ల కన్నా తగ్గించకూడదనీ ఆదేశించింది. 2013లోనే బ్రాడ్‌బాండ్ కనీస వేగాన్ని 512 కిలోబిట్లకి పెంచారు. 2023 జనవరిలో దాన్ని 2 మెగాబిట్లు చేశారు. రెండు మెగాబిట్లలో ఒక వీడియో పాఠం నడుస్తుంది. రెండోది నడవాలంటే మొదటిది ఆగాలి. మళ్ళీ పాత ప్రశ్నే. ఎవరిది ఆగాలి?

2015లో ఫేస్‌బుక్ సంస్థ మనదేశంలో 'ఇంటర్నెట్ డాట్ ఆర్గ్' తెచ్చింది. తర్వాత దాని పేరు 'ఫ్రీ బేసిక్స్' అయింది. కొన్ని వెబ్‌సైట్లు ఉచితం, మిగతావి డబ్బులకి. పేదలకి అసలు లేనిదాని కన్నా కొంత నయం కదా అన్నారు. దేశమంతా పెద్ద వాదన నడిచింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, ఏం చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటాకి వేర్వేరు రేట్లు పెట్టకూడదని నిషేధించింది. ఆ ఉత్తర్వు మంచిదే. ఆడవాళ్ళకి ఈ రకం ఔదార్యం కొత్తేమీ కాదు. గుడికి వెళ్ళొచ్చు, పుట్టింటికి వెళ్ళొచ్చు, బజారుకి మాత్రం చెప్పి వెళ్ళాలి అనడంలో ఉండేది కూడా ఇలాంటి ఎంపిక చేసిన స్వేచ్ఛే. ఎవరో గీసిచ్చిన పెరట్లో తిరగడాన్ని ప్రపంచం అనుకోమనడం. కానీ ఒక మాట. ఆ ఉద్యమంలో సైట్లన్నీ సమానమని గట్టిగా అరిచాం. ఇంట్లో మనుషులంతా ఆ సైట్ల ముందు సమానమేనా అన్నది ఉద్యమం పరిధిలోకి రాలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది. మొబైల్ డేటా ధర కుప్పకూలింది. ఇంటి తీగ ఇంటర్నెట్ ఊసే మర్చిపోయి చాలా కుటుంబాలు ఫోన్లతోనే ప్రపంచంలోకి వెళ్ళాయి. ప్రపంచంలోకెల్లా చవకైన డేటా మనదేనని గర్వంగా చెప్పుకున్నాం. ధరే అడ్డమైతే, ధర కూలాక అడ్డు తొలగాలి కదా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పిందో చూడండి. దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు 33.3 శాతం. పురుషుల్లో 57.1 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21, పురుషులు 48.8. సాఫ్ట్‌వేర్ రాష్ట్రాలమని చెప్పుకునే మన రెండు చోట్లా ఆడవాళ్ళ అంకె దేశ సగటు కన్నా తక్కువ. ఒకే ఇల్లు, ఒకే రీచార్జి దుకాణం, ఒకే టవరు. సగం కన్నా ఎక్కువ తేడా. ఇది మెగాబైటు ధర చేసిన పని కాదు. ఫోను ఎవరి పేరన ఉంది, ఎవరి జేబులో ఉంది, రీచార్జికి డబ్బు ఎవరినడగాలి అన్నవి చేసిన పని.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి ఇంటర్నెట్‌కి ఒక ప్రయోగం జరిగింది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగలు లాగి, నెలకి 149 రూపాయలకే 15 మెగాబిట్ల ఇంటర్నెట్, టీవీ చానళ్ళు, ఫోను మూడూ కలిపి ఇచ్చే ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. గొయ్యి తవ్వే ఖర్చు తప్పిస్తే ఇంటర్నెట్ ఎంత చవకవుతుందో ఆ స్తంభాలు చూపించాయి. నా మటుకు నాకు ఆ పథకంలో ముఖ్యమైనది రేటు ఒక్కటే కాదు. ఉయ్యూరు దగ్గర మా పిన్నివాళ్ళ ఊళ్ళో ఆ కనెక్షన్ పెట్టించింది పిన్నే. బాబాయి వద్దంటే, 'టీవీ బిల్లు ఎలాగూ కడుతున్నాం కదండీ, దాంతోనే వస్తుందట' అంది. ఆడవాళ్ళకి ఇంట్లో గట్టిగా అడగగలిగే హక్కు ఉన్న సరుకు టీవీ ఒకటి. దాని వెనక నుంచి ఇంటర్నెట్ ఇంట్లోకి దూరింది. 'పిన్నీ, ఇప్పుడు నెట్‌లో ఏం చూస్తున్నావ్?' అని అడిగితే 'కుట్టు పని చూస్తున్నానే. జాకెట్టు చేతులు కొత్త రకాలు' అంది. ఆ సంక్రాంతికి ఆవిడకి ఊళ్ళో జాకెట్ల గిరాకీ వచ్చింది. సియాటిల్ మేనేజరు వచ్చి వింటే దీన్ని ఏ గడిలో వేస్తాడో!

2020లో కరోనాతో బడి మొత్తం తీగలోకి వచ్చింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇల్లు అదృష్టం చేసుకుంది. మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే వాచ్‌మన్ కుటుంబానికి ఒకే ఫోను. పదో తరగతి కొడుకు, ఎనిమిదో తరగతి కూతురు. పాఠాలు ఒకే వేళకి. కూతురు మా వైఫై అందే మెట్ల మీద మా పాత ఫోనుతో కూచునేది. 'అమ్మమ్మా, పాస్‌వర్డ్ మార్చకండి' అని రోజూ ఒకసారి చెప్పి వెళ్ళేది. నేను నెలకి కట్టే దాంట్లో ఒక్క రూపాయి పెరగలేదు, ఆ పిల్ల చదివినందుకు నా పాఠాల వేగమూ తగ్గలేదు. కానీ కంపెనీ నిబంధనల ప్రకారం కనెక్షన్ బయటివాళ్ళతో పంచుకోవడం నేరం లాంటిది. నీళ్ళ కుండ అరుగు మీద పెట్టే సంస్కృతి మనది. తీగ దగ్గరికొచ్చేసరికి అది ఒప్పందం ఉల్లంఘన అయిపోయింది.

అంతకు ఏడాది ముందే, 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కోళికోడ్ దగ్గర ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోను వాడకూడదని నియమం పెట్టారు. ఒప్పుకోని ఫహీమా షిరిన్‌ని హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకెళ్ళింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, ఆంతరంగికత హక్కులోనూ భాగమని జస్టిస్ పి.వి. ఆశ తీర్పు చెప్పి, ఆమెని మళ్ళీ చేర్చుకోమన్నారు. ఇది ధర గురించిన కేసు కాదు గదా అనొచ్చు. ధర గురించినదే అని నేనంటాను. ఆమె డబ్బు పెట్టి కొనుక్కున్న డేటాలో అసలు పనికొచ్చే నాలుగు గంటలు తీసేశారు. మిగిలిన దానికి మాత్రం పూర్తి ధర కట్టాలి.

మరి న్యాయమైన ధర ఎలా ఉండాలి? నేను ఆర్థికవేత్తని కాను. ఇల్లు నడిపిన లెక్క తెలుసు.

మొదటిది, అందరికీ అందే ఒక అడుగు రేటు. అది చుక్కలు లెక్కపెట్టి ఇచ్చేది కాకూడదు, ఇంట్లో ఇద్దరు ఒకేసారి చదువుకోగల వేగంతో ఉండాలి. పెద్ద వేగం కావాలనుకునే ఇల్లు ఎక్కువ కట్టుకోవచ్చు. ఎక్కువ తక్కువలు పైన ఉండాలి గానీ అడుగున ఉండకూడదు. 2023 జూన్‌లో కేరళ ప్రభుత్వం మొదలుపెట్టిన కె-ఫాన్, 20 లక్షల పేద కుటుంబాలకి ఉచితంగా ఇవ్వడం లక్ష్యమంది. అమెరికాలో ప్రభుత్వం పేద కుటుంబాలకి నెలకి 30 డాలర్ల దాకా ఇంటర్నెట్ బిల్లులో తగ్గించేది. రెండు కోట్ల ముప్ఫై లక్షల కుటుంబాలు చేరాయి. నిధులు అయిపోయి 2024 జూన్‌లో అది ఆగిపోయింది. న్యూయార్క్ రాష్ట్రం ఇంకో దారి పట్టింది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళకి 15 డాలర్ల ప్లాను ఇచ్చి తీరాలని కంపెనీలకే చట్టం చేసింది. కోర్టుల్లో వ్యాజ్యాలు దాటుకుని అది 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. సర్కారు దయ మీద నిలబడ్డ రాయితీ దయతోనే పోతుంది, చట్టంగా ఉన్నది నిలబడే వీలుంది అన్నది ఈ రెంటి నుంచీ నేను నేర్చుకున్నది. మనకీ నిధి లేకపోలేదు. 2002లోనే సార్వత్రిక సేవా నిధి పెట్టారు. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం దానికి చేరుతూ వచ్చింది. అంటే మన బిల్లుల్లోంచే. 2023 టెలికాం చట్టంలో దాని పేరు 'డిజిటల్ భారత్ నిధి' అయింది. పంచాయతీ ఆఫీసు దాకా తీగ వెయ్యడం దాని లెక్కలో పని. ఆఫీసు నుంచి వంటింటి దాకా ఉన్న దూరం ఎవరి లెక్కలో ఉంది?

రెండోది, కట్టే పద్ధతి. ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితమంటారు. ఏడాది డబ్బు ఒక్కసారి తియ్యగలిగేవాళ్ళకే తగ్గింపు అన్నమాట. పొదుపు సంఘంలో వారం వారం కట్టే ఆడదానికి ఏడాది చందా ఎక్కడిది? కలిగినవాడికి తగ్గింపు, లేనిదానికి పూర్తి ధర. ఇక మొబైల్ కంపెనీల నెల 28 రోజులు! ఆడవాళ్ళకి 28 రోజుల లెక్క కొత్త కాదు గానీ, దానివల్ల ఏడాదికి పదమూడు నెలలు వచ్చాయి. 2022 జనవరిలో ట్రాయ్, కనీసం ఒక ప్లాను 30 రోజులదీ, ఒకటి ప్రతి నెలా అదే తేదీకి వచ్చేదీ ఉండాలని చెప్పింది. నెల జీతం, నెల అద్దె, నెల సరుకులతో ఇల్లు దిద్దుకునే మనిషికి ఆ ఉత్తర్వు విలువ తెలుస్తుంది. 2024 డిసెంబరులో డేటా లేకుండా మాటలకీ, మెసేజిలకీ మాత్రమే రీచార్జి ఉండాలని కూడా చెప్పారు. పల్లెలో మామూలు ఫోను పట్టుకున్న ముసలమ్మ తాను ఎన్నడూ చూడని డేటాకి అన్నాళ్ళూ డబ్బు కట్టింది. తక్కువ వాడేవాళ్ళ దగ్గర ఎక్కువ గుంజడం కూడా అన్యాయమేనని, హద్దుల మీద పోరాడే మనం మర్చిపోకూడదు.

మూడోది, పంచుకునే హక్కు. నాలుగు గుడిసెలు కలిసి ఒక కనెక్షన్ తీసుకుంటే నేరం కాకూడదు. అంగన్‌వాడీలో, గ్రంథాలయంలో, మహిళా సంఘం భవనంలో పగటిపూట తెరిచి ఉండే ఉచిత కనెక్షన్ ఉంటే, ఆడపిల్ల తోడు లేకుండా వెళ్ళగలిగే చోట ఇంటర్నెట్ ఉన్నట్టు. మూలనున్న ఒక్క పెట్టె యాభై ఇళ్ళ ధర తగ్గిస్తుంది.

నాలుగోది రేట్ల పట్టికలో ఎక్కదు గానీ అన్నిటికన్నా ముఖ్యం. కనెక్షన్ ఎవరి పేరన ఉంది? రేషన్ కార్డు మీద ఇంటి పెద్దగా ఆడమనిషి పేరు వచ్చింది. గ్యాస్ కనెక్షన్ మీద వచ్చింది. ఆ పేరు వల్ల ఇల్లు మారిపోలేదు, నిజమే. కానీ గ్యాస్ ఆఫీసులో సంతకం ఆమెదయ్యాక, బండ ఎప్పుడు తెప్పించాలో నిర్ణయం కూడా కొంత ఆమెదయింది. రాయితీ రేటుకి ఇచ్చే ఇంటర్నెట్‌ని ఇంట్లో ఆడమనిషి పేరనే ఇవ్వాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. పాస్‌వర్డ్ పెట్టేది ఆమె అయితే, బిల్లు మీద మెసేజి ఆమె ఫోనుకే వస్తే, 'నువ్వు ముట్టుకోకు' అనే మాట ఇంట్లో కొంచెం తడబడుతుంది.

ధర తగ్గితే చాలు అనుకున్న వందేళ్ళ నమ్మకాన్ని ఆ 21 శాతం, 26.5 శాతం అంకెలు ఎప్పుడో కొట్టేశాయి. ఇంటర్నెట్ ఇంటికి వచ్చింది. ఇంట్లో అందరికీ రాలేదు. ఈసారి ట్రాయ్ రేట్ల మీద ప్రజల అభిప్రాయం అడిగినప్పుడు మన సంఘాలు కూడా రాయాలి. ఎన్ని రూపాయలు అన్నది కంపెనీలు, వినియోగదారుల సంఘాలు ఎలాగూ రాస్తాయి. ఏ వేళలో, ఎవరి పేరన, ఎవరి చేతిలో అన్న మూడు మాటలు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.